రెండోవాళ్ళు ఎవరు?

"ఇంట్లో చేసింది చాలలేదా వదినా, సముద్రాలు దాటి వెళ్ళి మరీ చెయ్యడానికి?" అన్నాడు మా మరిది.

నేను పెట్టె సర్దుకుంటున్నాను. అతను మంచం మీద కూర్చుని, నేను మడిచి పెట్టిన బట్టల దొంతరకు మోచెయ్యి ఆనించి అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. జవాబు అప్పటికి నాకూ తెలియదు. "కాస్త చెయ్యి తియ్యి, మడతలు నలుగుతున్నాయి" అన్నాను.

మావారు పోయి అప్పటికి పదకొండు నెలలు. పక్షవాతంతో రెండేళ్ళ నాలుగు నెలలు మంచంలో ఉన్నారు. ఆయన పోయిన ఆరు నెలలకు నేను టీచరుగా రిటైరయ్యాను. పొద్దున్నే లేచి ఎవరి కోసం హడావిడిపడాలో తెలియక, ఖాళీ మంచం ఉన్న గది రోజూ తుడిచేదాన్ని. మా స్కూల్లో సైన్సు చెప్పిన టీచరు ఒకరోజు వచ్చి, అది చూసి, వేరే దేశంలో తాను పనిచేసి వచ్చిన ఆసుపత్రి గురించి చెప్పింది. పక్షవాతం వచ్చినవాళ్ళకు మళ్ళీ కూర్చోవడం, నిలబడటం, చెంచా పట్టుకోవడం నేర్పే చోటు. జీతం ఇవ్వరు. మూడు నెలలు గది, భోజనం ఇస్తారు. "వెళ్ళవే. ఇక్కడే ఉంటే ఆ మంచాన్ని చూసి చూసి నువ్వూ దాని మీదే పడతావు" అంది.

"మీకేం అక్కా, పిల్లా జెల్లా లేరు, ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అంది తోటికోడలు. అందులో అసూయ ఎంతో, జాలి ఎంతో తేల్చుకోలేకపోయాను. అత్తయ్య వద్దనలేదు. "ఎప్పుడొస్తావు?" అని మాత్రం రోజుకు మూడుసార్లు అడిగింది.

విదేశానికి పిలుపు రావడం నాకు అది రెండోసారి. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఆరు నెలల శిక్షణకు ఎంపికైన పదిమంది టీచర్లలో నేనూ ఉన్నాను. ఆ ఉత్తరం పట్టుకుని మావారు వీధిలో నాలుగిళ్ళకు వెళ్ళి చూపించారు. ఆ రాత్రి భోజనం దగ్గర మాత్రం, "అంతా బాగానే ఉంది గానీ, ఆర్నెల్లు అమ్మని ఎవరు చూసుకుంటారు?" అన్నారు. అది ప్రశ్న కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన మంచివారు. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట "నువ్వు చూసుకుంటావులే". గ్యాసు అయిపోయినా, అత్తయ్యకు జ్వరం వచ్చినా, మరిది ఉద్యోగం పోయి భార్యతో సహా మా ఇంటికి వచ్చేసినా అదే మాట. స్కూల్లోనూ అంతే. తనిఖీకి ఎవరొచ్చినా హెడ్మాస్టరు "మేడమ్ చూసుకుంటారు" అనేవారు. చూసుకోవడమంటే కుర్చీలు వేయించడం, టీ పెట్టించడం, వాళ్ళు వెళ్ళాక కప్పులు లెక్కపెట్టడం. ఆ సమయంలో నా క్లాసు పిల్లల్ని ఎవరు చూసుకుంటారని ఎవరూ అడగలేదు. అది తిట్టయితే ఎదురు చెప్పేదాన్నేమో. నమ్మకం కాబట్టి తలవంచాను.

ఆసుపత్రిలో మా వార్డు పొడవాటి గది. పద్దెనిమిది మంచాలు. కిటికీల్లోంచి ఒక వంతెన, దాని కింద నెమ్మదిగా పోయే నీళ్ళు కనిపించేవి. వార్డుని నడిపే ఆవిడని అందరూ పెద్ద సిస్టర్ అంటారు. పొట్టి మనిషి, జేబులో ఎప్పుడూ ఒక కొలతల టేపు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషుతో నడిపించేవాళ్ళం. నిజానికి తక్కువ మాటలతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు అబద్ధాలు కూడా తగ్గుతాయి.

రెండో వారంలో నేను తప్పు చేశాను.

అయిదో నంబరు మంచంలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవారు. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆ రోజు దిండు మీద నుంచి జారిపోయి, మెడ వంకరగా పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నారు. చూడగానే నా చేతులు వాటంతటవే కదిలాయి. మోకాలు మంచానికి ఆనించి, ఆయన చంకల కింద చేతులు దూర్చి, తల నా భుజానికి చేర్చుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో పైకి లాగాను. దిండు సర్ది, దుప్పటి లాగాను. అర నిమిషం పట్టలేదు. నా పనితనానికి నాకే ముచ్చటేసింది. అప్పుడు చూశాను ఆయన ముఖం. పెదాలు బిగుసుకుపోయి ఉన్నాయి. కళ్ళు పైకప్పుకు అతుక్కుని ఉన్నాయి.

గుమ్మంలో పెద్ద సిస్టర్ నిలబడి ఉంది. లోపలికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అంది, క్షమాపణ అని నాకు తెలిసింది. తర్వాత నన్ను కప్పులు కడుక్కునే చిన్న గదిలోకి తీసుకెళ్ళింది.

"అలా ఎత్తడం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. మావారిని అలాగే ఎత్తేదాన్ని."

"ఎన్నాళ్ళు?"

చెప్పాను.

"మరి రెండోవాళ్ళు ఎవరు?"

ప్రశ్న అర్థం కాలేదు. ఇంగ్లీషు వల్లనేమో అనుకుని మళ్ళీ అడగమన్నాను. ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. "మనిషిని ఎత్తాలంటే ఇద్దరు కావాలి కదా. మంచానికి అటు ఒకరు, ఇటు ఒకరు. ఆయన్ని ఎత్తేటప్పుడు నీతో ఉన్న రెండో మనిషి ఎవరు?"

మా ఇంట్లో పక్క గదిలో మరిది ఉండేవాడు. నా ఊపిరి గట్టిగా వినబడితే టీవీ సౌండు తగ్గించేవాడు. అతని వంతు సాయం అది. పెద్ద సిస్టర్‌కు ఇదంతా చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు. "ఎవరూ లేరు" అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూడలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ పని చేసిన రోజుల్లో నన్ను చూడవచ్చిన వాళ్ళందరూ "ఎంత పుణ్యం చేసుకుంటున్నావమ్మా" అన్నవాళ్ళే. ఆవిడ మాత్రం, "అది తప్పు పద్ధతి. నీ నడుం పాడవుతుంది, ఆయనకు భయం వేస్తుంది" అంది. "ఇక్కడ ఎవరూ ఒక్కరే ఎత్తరు. ముట్టుకునే ముందు ఏం చెయ్యబోతున్నామో చెప్పాలి. సరేననేదాకా ఆగాలి. సరేనా?"

సరేనన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక అక్కడున్న కప్పులన్నీ కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. మావారు కూడా నేను ఎత్తుతున్నప్పుడు పైకప్పు వైపే చూసేవారు. నా ముఖం చూడటానికి మొహమాటమనుకున్నాను. ఇంత చేస్తుంటే ఒక్కసారైనా నావైపు చూడరేమని కొన్ని రోజులు కోపం కూడా తెచ్చుకున్నాను. భయమని తోచలేదు. స్కూలుకు ముందూ, మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తుకొచ్చీ, రాత్రీ కలిపి రోజుకు ఎనిమిది తొమ్మిదిసార్లు ఎత్తాను గానీ, ఎత్తనా అని ఒక్కసారీ అడగలేదు. అడిగే తీరిక లేదు. ఊపిరంతా ఎత్తడానికే సరిపోయేది. ఇంకొకరు ఉండి ఉంటే, ఒకరం బరువు పట్టుకునేవాళ్ళం, ఒకరం ఆయనతో మాట్లాడేవాళ్ళం. ఆయన పోయాక నేను గట్టిగా ఏడ్చింది ఆ రోజే, కుళాయి తిప్పి.

మర్నాడు గడియారాల పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నా చేతులు ఆయన కళ్ళ ముందు పెట్టి, "ఎత్తనా?" అన్నాను. నా భాషలోనే అన్నాను. అటువైపు ఇంకో నర్సు నిలబడి ఉంది. ఆయన మా ఇద్దరినీ చూసి, చాలాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపారు. వద్దట. మేమిద్దరం నవ్వుకుంటూ వెనక్కి తిరిగాం. పావుగంటకు ఎడమ చెయ్యి ఊపి ఆయనే పిలిచారు.

అక్కడ నాలుగింటికి పని అయిపోతుంది. మొదట్లో నేను ఇంకా ఏదో సర్దుతూ ఉండిపోతే పెద్ద సిస్టర్ వచ్చి, "బడి వదిలారు, ఇంటికి పో" అని నన్ను బయటికి గెంటేది. చేసిన పని ముగియడమనేది నా ఎరుకలో అదే మొదటిసారి. వంతెన మీదికి నడిచి, బల్ల మీద కూర్చుని, కొనుక్కున్న రొట్టె మొత్తం నేనే తినేదాన్ని. ఎవరికీ సగం దాచకుండా.

పగలు ఖాళీ దొరికినప్పుడు పెద్దాయనకు ఎడమ చేత్తో రాయడం నేర్పాను. వాళ్ళ అక్షరాలు నాకు రావు. అయితేనేం, గీతలూ సున్నాలూ ఏ భాషకైనా ఒకటే. ఒకటో తరగతి పిల్లలకు చెయ్యి పట్టుకుని దిద్దించినట్టే దిద్దించాను. ఐదో వారానికి ఆయన ఒక మాట రాసి కూతురికి చూపించారు. ఆ అమ్మాయి కాగితం పట్టుకుని పకపకా నవ్వి, తర్వాత ఏడ్చింది. ఏమిటని అడిగితే పెద్ద సిస్టర్ చదివి చెప్పింది: "గోడ గడియారం ఏడు నిమిషాలు వెనకుంది."

ఆ తర్వాత వార్డులో నేను రాత నేర్పే బల్ల చుట్టూ నలుగురు చేరారు, తర్వాత ఏడుగురు. మూడో నెల మొదట్లో పెద్ద సిస్టర్ ఒక కాగితం ఇచ్చింది. ఇంకో ఏడాది ఉండి రాత క్లాసు నడపమని. ఈసారి కొద్దిపాటి జీతం కూడా. శుక్రవారంలోగా చెప్పాలి. నా మనసు అప్పటికే సరేనంది. నోటితో అనడమే మిగిలింది.

బుధవారం పొద్దున మరిది ఫోన్ చేశాడు. అత్తయ్య బాత్రూములో జారి పడింది. తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి నిన్ననే ఇంటికి పంపారట.

"ఆదివారానికి టికెట్ తీసేశాను వదినా, మీకు శ్రమ లేకుండా" అన్నాడు.

వీడియోలో అత్తయ్య ముఖం చిన్నదైపోయి కనిపించింది. "వచ్చెయ్ తల్లీ. నీ చెయ్యి పడితేనే నాకు ప్రాణం కుదుటపడేది" అంది. అది పైపై మాట కాదు. ఆ నిమిషంలో నేను నిజంగానే పెట్టె ఎక్కడుందో చూశాను. ముప్పై నాలుగో ఏట విన్న ప్రశ్నే, ఈసారి టికెట్‌తో సహా వచ్చింది.

"ఇప్పుడు అత్తయ్యని ఎవరు ఎత్తుతున్నారు?" అని అడిగాను.

"మా ఆవిడే. ఒక్కదానివల్ల కావడం లేదు వదినా, పాపం. ఇవాళ ఆఫీసుకు కూడా వెళ్ళలేదు."

"నువ్వు ఎక్కడున్నావు?"

"నేనా? ఇక్కడే! పక్క గదిలోనే."

"ఇంటికి వచ్చాక ఇంకా లేపి కూర్చోబెట్టలేదుగా?"

"లేదు. డాక్టరు కూర్చోబెట్టమన్నారు గానీ, అమ్మ కేకలు పెడుతోంది."

"ఫోను అలమరకు ఆనించి పెట్టు. చొక్కా చేతులు మడుచుకో."

"ఎందుకు?"

"చెప్తాను. మడుచుకో."

తోటికోడలు మంచానికి అటువైపు వచ్చింది. నన్ను చూసి నవ్వబోయి, ఆపుకుంది. అత్తయ్యకు విషయం అర్థమైంది. "వీడా? వీడు నన్నెత్తుతాడా? మంచినీళ్ళ గ్లాసు ఎత్తడం చేతకాదు వీడికి!" అంది, నొప్పిలోనూ.

"నేర్చుకుంటాడు అత్తయ్యా" అని, మరిదితో, "ముందు అమ్మకు చెప్పు, ఏం చెయ్యబోతున్నావో" అన్నాను.

"అమ్మకు చెప్పేదేముంది వదినా?"

"చెప్పి, ఆవిడ సరేననేదాకా ఆగు."

అతను తల్లి ముఖంలోకి చూశాడు. చిన్నప్పటి తర్వాత అంత దగ్గరగా చూసి ఉండడు. "అమ్మా... లేపనా?" అన్నాడు. అత్తయ్య తల తిప్పి కొడుకుని చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడని ఎవరైనా ఏదైనా అడిగి చేశారా అని నాకు అప్పుడు అనిపించింది. "ఊఁ, నెమ్మదిగా" అంది.

ఆపరేషన్ అయిన కాలు మెలిపడకుండా ఎలా పట్టాలో, భుజం కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఇద్దరూ ఒకేసారి ఎలా కదలాలో చెప్పాను. మొదటిసారి తప్పారు. దించి, మళ్ళీ చెయ్యమన్నాను. రెండోసారి అత్తయ్య లేచి కూర్చుంది. మరిది రొప్పుతూ మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"వదినా, అన్నయ్యని... ఇలా రోజుకు ఎన్నిసార్లు?"

"ఎనిమిది. తొమ్మిది."

అతను జారిన చొక్కా చేతిని మళ్ళీ పైకి మడుచుకున్నాడు.

ముప్పై ఆరేళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ పాఠం చెప్పాను. ఇంట్లో మాత్రం నేర్పే బదులు నేనే చేసేశాను.

"టికెట్ రద్దు చెయ్యి. రేపు ఇదే వేళకు ఫోన్ చేస్తాను, మంచంలోనే స్నానం ఎలా చేయించాలో చూపిస్తాను. ఇద్దరూ ఉండాలి" అన్నాను. అత్తయ్యకు ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే ఆవిడే అంది, "సరేలే. నీళ్ళు మరీ వేడిగా పొయ్యొద్దని వీడికి చెప్పు."

శుక్రవారం పెద్ద సిస్టర్ ముందు కూర్చుని కాగితం నింపాను. పేరు, వయసు, చదువు. చివర ఒక గడి: ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్ళు ఎంతమంది? పెన్ను ఆగింది. అలవాటుగా ముగ్గురి ముఖాలూ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. ఆవిడ తొందరపెట్టలేదు. ఆ గడిలో అంకె వెయ్యలేదు నేను. "నేర్చుకుంటున్నారు" అని రాసి, సంతకం పెట్టాను.