మూడో మిషను, రెండో పిచ్చుక

పొద్దున్నే లాండ్రీ షట్టరు ఎత్తేది వదిన. బాయిలరు వెలిగించేదీ ఆవిడే. మాసిన బట్టల మూటలు విప్పి, తెల్లవి ఒక పక్కకీ రంగువి ఒక పక్కకీ వేసేది పెద్దావిడ, అంటే వదిన అత్తగారు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది పెద్దావిడ కూతురు పిచ్చుక. ఆ అమ్మాయికి ఇంకో పేరుందో లేదో వీధిలో ఎవరికీ గుర్తులేదు. కళ్ళు తెరిచింది మొదలు ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉంటుంది గనక పిచ్చుకే. పిచ్చుక అన్నగారు, వదిన మొగుడు, కౌంటరు దగ్గర ఫ్యాను కింద కూర్చుంటాడు. షాపు తల్లి పేరు మీద ఉంది, చాకిరీ చెల్లెలిది, లెక్కలు పెళ్ళానివి. వీధి మాత్రం ఆయన్నే ఓనరుగారు అంటుంది. వీధి చూపెప్పుడూ కుర్చీ మీదే.

షాపులో బట్టలు ఆరబెట్టే మిషన్లు మూడు. మొదటి రెండూ బట్టలు ఆరబెడతాయి. మూడోది కాలాల్లోకీ లోకాల్లోకీ తీసుకెళ్తుంది. మధ్యాహ్నం భోజనాలై గిన్నెలు కడగడం అయ్యాక ఆడవాళ్ళు ముగ్గురూ, ఎవరూ తీసుకెళ్ళకుండా వదిలేసిన దుప్పట్లు భుజాలకి ముడేసుకుని, మూడో మిషన్లో కూర్చుని తలుపు లాక్కుంటారు. ఎక్కడో, ఎప్పుడో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడి, సాయంత్రం గిరాకీ మొదలయ్యేలోపు వచ్చేస్తారు. లోకాల మధ్య చలెక్కువ, దుప్పట్లు అందుకే. పేపరాయన ఒకసారి వచ్చి "మన వీధి సూపర్ హీరోలు" అని రాసి ఫోటో వేశాడు. ఫోటోలో కౌంటరు మీద మోచెయ్యి ఆనించి ఓనరుగారు ఒక్కరే ఉన్నారు.

"సూపర్ హీరోయిన్లు అనాలి కదా?" అంది పక్క బేకరీ ఆవిడ.

"వద్దులే. హీరోయినంటే ఎవడో వచ్చి కాపాడేదాకా కూర్చోవాలి. మాకంత తీరికెక్కడిది," అంది వదిన.

మూడో మిషనుకి ఒకటే పట్టింపు. ఎక్కేవాళ్ళు ముగ్గురికి తక్కువ కాకూడదు. తక్కువైతే డ్రమ్ము ఒక పక్కకి ఒరిగి, ఎగిరెగిరిపడి, ఏ రాతియుగంలోనో విసిరేస్తుంది. షాపుకీ ఒకటే పట్టింపు. ముఖం చూసి బట్ట ఇవ్వకూడదు, గుర్తు చూసి ఇవ్వాలి. ముఖాలు మారతాయి, కుట్టిన గుర్తు మారదు అంటుంది పెద్దావిడ. ఇంట్లోవాళ్ళ పనికోట్లకి కూడా రెండు చేతుల అంచుల మీదా షాపు గుర్తు ఉంటుంది. నీలిదారంతో మూడు చుక్కలు, కింద ఒక గీత. చీకట్లో తడిమినా వేలికి తెలుస్తుంది.

ఆ ఆదివారం షాపులో గాలి కాస్త బిగుసుకుని ఉంది. పిచ్చుకకి రేవులో పెద్ద క్రేను నడిపే ఉద్యోగం వచ్చింది. ఆకాశంలో గాజుగదిలో కూర్చుని, ఓడల్లోంచి ఇనపపెట్టెల్ని చంటిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి దించడం. పరీక్షలో అందరికంటే మెత్తగా దించింది ఈమేనట. సోమవారం పొద్దున సైరను ఆగేలోపు గేటు దాటాలి. దాటకపోతే ఆ కుర్చీ వరసలో తర్వాతి మనిషిది.

"వెళ్ళొద్దని నేనన్నానా?" అన్నాడు ఓనరు. "ఒక్క వారం ఆగమన్నాను. ఆ హోటలు వాళ్ళ దుప్పట్లు అయిపోనీ. నువ్వెళ్తే ఇస్త్రీ ఎవరు చేస్తారు చెప్పు?"

"వాళ్ళు వారం ఆగరన్నయ్యా."

"నువ్వు గట్టిగా అడగలేదు."

పిచ్చుక కూనిరాగం ఆపేసింది. ఇస్త్రీపెట్టె మాత్రం ఆపలేదు. చెయ్యి దానంతటదే తిరుగుతోంది. వదిన అది చూసి ఏదో అనబోయింది. అంతలో మూడో మిషను దానంతటదే ఒక చుట్టు తిరిగి, తలుపు సందులోంచి ఒక జేబురుమాలుని కక్కింది.

ఆపదలో ఉన్నవాళ్ళు వాళ్ళ కాలంలో, వాళ్ళ లోకంలో ఏ మిషన్లో జేబురుమాలు పడేసినా ఇక్కడికి చేరుతుంది. ఇలాంటివి వారానికి కొన్ని వస్తాయి. దీని మూల మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ ఉంది. అంచున నీలిదారంతో మూడు చుక్కలు, కింద ఒక గీత.

"మన గుర్తే," అంది పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంటూ. "అంటే మనవాళ్ళెవరో. పదండి."

"టీ టైముకి వస్తారా?" అని అడిగాడు ఓనరు.

దారిలో కరెంటే లేని ఒక కాలంలో, నిచ్చెన మీంచి పడబోతున్న ముసలాయన్ని దుప్పట్లో పట్టుకుని కింద నిలబెట్టారు. ఆయన థాంక్స్ చెప్పలేదు. ఇంత పెద్ద గుడ్డ ఎలా నేశారని అడిగాడు. తర్వాత డ్రమ్ము చాలాసేపు అడ్డంగా తిరిగింది. అడ్డంగా తిరిగిందంటే కాలంతోపాటు లోకం కూడా మారిందన్నమాట.

దిగి చూస్తే సొంత షాపే. అదే బాయిలరు, అదే బల్ల, కౌంటరు దగ్గర అదే ఓనరు. కొన్నేళ్ళు ముందుకెళ్ళిన లోకం కాబట్టి పొట్ట కొంచెం పెరిగింది.

"లోకాలెన్ని మారినా ఆ కుర్చీలో మనిషి మాత్రం మారడు," అని గొణిగింది వదిన.

బల్ల దగ్గర కొండంత దుప్పట్ల గుట్ట వెనక ఒకామె నిలబడి ఇస్త్రీ చేస్తోంది. పిచ్చుకే. జుట్టు ముందు పక్క నెరిసింది. మణికట్టు మీద పాత కాలిన మచ్చ. పాట లేదు. మన పిచ్చుక ఆమెని చూసి, అద్దంలో తెలియని మనిషి కనపడ్డట్టు ఆగిపోయింది.

"రేవుకి వెళ్ళలేదా?" అని అడిగింది.

"వెళ్దామనే అనుకున్నా. అన్నయ్య ఒక్క వారం ఆగమన్నాడు," అంది ఆమె ఇస్త్రీపెట్టె దించకుండానే. "ఆ వారం ఇంకా అవలేదు. తర్వాత అమ్మ పోయింది. వదినంటూ ఎవరూ రాలేదు. పెళ్ళిచూపుల్లోనే ఒకావిడ వద్దని చక్కా వెళ్ళిపోయింది."

"ఈ లోకంలో నాకు తెలివి ఎక్కువున్నట్టుంది," అంది వదిన.

అంతలో ఆ ఓనరు కుర్చీలోంచి మెడ సాచాడు. ఎవరైనా చూస్తే వదిన చేసే పని ఒకటే, ఆవిరి గొట్టం తిప్పెయ్యడం. తిప్పేసింది. గది తెల్లగా నిండిపోయింది. పెద్దావిడ తడుముకుంటూ ఒక చేతి అంచు పట్టుకుంది. మూడు చుక్కలు, గీత. వదిన ఇటు నుంచి ఇంకో చేతి అంచు పట్టుకుంది. మూడు చుక్కలు, గీత.

"నాకొక పిల్ల దొరికింది!"

"నాకూ దొరికింది అత్తయ్యా! పదండి!"

తలుపు పడింది. డ్రమ్ము తిరిగింది. ఇంటికొచ్చి దిగాక చూస్తే, ఇద్దరూ పట్టుకున్నది ఒకే మనిషి కుడిచెయ్యీ ఎడమచెయ్యీ.

జన్మంతా గుర్తులు పట్టి బతికినవాళ్ళే చెయ్యగలిగిన పొరపాటు ఇది. ముఖం చూసేవాళ్ళెవరూ చెయ్యరు. మన పిచ్చుక ఆ లోకంలో ఉండిపోయింది. ఒక్కతే మిషనెక్కి రావడం కుదరదు. తెల్లారితే సోమవారం.

రెండో పిచ్చుక మిషను ముందు నిలబడి పెద్దావిడ వంకే చూస్తోంది. ఆమె లోకంలో పోయిన అమ్మ, ఇక్కడ ఎదురుగా కళ్ళజోడు తుడుచుకుంటోంది. వచ్చి ఆవిడ చెంగు అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది, బట్ట నాణ్యం చూస్తున్నట్టు.

"నేను మీ అమ్మాయిని కాను," అంది.

పెద్దావిడ ఆ చేతి అంచు మీద బొటనవేలు పెట్టి రాసింది. "ఈ చుక్కలు నేను కుట్టినవే. నా గుర్తున్న పిల్ల నా పిల్లే. ఒకరికి ఇద్దరయ్యారు, అంతే కదా."

కౌంటరు దగ్గర్నుంచి ఓనరు కేకేశాడు. "వచ్చారా? టీ పెట్టండి. పిచ్చుకా, ఆ చొక్కాలు సాయంత్రానికి కావాలట."

రెండో పిచ్చుక వెళ్ళి ఇస్త్రీపెట్టె అందుకుంది. అలవాటు అలాంటిది, లోకం మారినా చేతిని వదల్లేదు. చొక్కాలయ్యాయి. వదిన వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, మీ చెల్లెల్ని చూశారా?"

"చూశాను. ఏం?"

"ఏమైనా తేడా కనిపించిందా?"

ఆయన చొక్కా ఒకటి ఎత్తి చూశాడు. "లేదే. మడత బాగానే ఉందిగా."

వదిన నవ్వాలో ఏడవాలో తెలియక ఆ చొక్కా లాక్కుని జరిగింది చెప్పింది. చెప్పాక ఆయన మొదటిసారి కుర్చీలోంచి తిరిగి బల్ల వైపు చూశాడు. నెరిసిన జుట్టు. మణికట్టు మీద మచ్చ. పాట లేదు.

"మరి మన పిచ్చుక?"

"మిషను చల్లారడానికి రాత్రంతా పడుతుంది, చల్లారాక మళ్ళీ వెళ్ళాలి. ముగ్గురం కావాలి."

"నేను మాత్రం చచ్చినా వెళ్ళను," అంది రెండో పిచ్చుక.

"నిన్నెవరు వెళ్ళమన్నారు?" అంది పెద్దావిడ, కొడుకు వంక చూస్తూ. "ఒరేయ్, అదిగో గులాబీపూల దుప్పటి. భుజాలకి కట్టుకో."

మిషను చల్లారేసరికి తెలవారబోతోంది. ఓనరు దుప్పటి ముడి వేసుకోవడం రాక మెడకి ఉరేసుకున్నంత పని చేస్తే, వదిన విప్పి కట్టింది. డ్రమ్ములో ఆయన పెళ్ళాం చెయ్యీ తల్లి చెయ్యీ పట్టుకుని, కాలాలు గడుస్తున్నంతసేపూ కడుపులో తిప్పుతోందని చెప్తూనే ఉన్నాడు.

"మాకూ మొదట్లో తిప్పింది. ఎవరికీ చెప్పలేదు, చెప్తే టీ ఎవరు పెడతారని," అంది వదిన.

ఆ లోకంలో తలుపు తెరిచేసరికి పిచ్చుక బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతులు కట్టుకుని ఉంది. ఎదురుగా ఆ లోకపు ఓనరు, చేతిలో ఇస్త్రీపెట్టె పట్టుకుని దాన్ని ఆమెకి అందిస్తున్నాడు. చెల్లెలికి జుట్టు మళ్ళీ నల్లబడిందన్న సంగతి ఆయన కంటికీ ఆనలేదు.

"క్రేనా? ఇప్పుడు మళ్ళీ ఏం క్రేను? సరేలే, ఒక్క వారం ఆగు. ఆ హోటలు వాళ్ళ దుప్పట్లు అయిపోనీ. నువ్వెళ్తే ఇస్త్రీ ఎవరు చేస్తారు?"

గులాబీపూల దుప్పట్లో ఉన్న ఓనరు ఆ మాటలన్నీ విన్నాడు. తన గొంతే, తన మాటలే, చివర్లో ఆ చిన్న దగ్గు కూడా తనదే. మన మాట మన నోట్లోంచి వచ్చేటప్పుడు ఎంత ముద్దుగా ఉంటుంది! ఎదురుగా నిలబడి వినాల్సొస్తేనే కదా దాని సంగతి తెలిసేది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, నీకు చేతుల్లేవా?" అని అరిచాడు. "ఆ పెట్టె పట్టుకుని ఆమెకిచ్చే బదులు, అదే చేత్తో దుప్పటి మీద పెట్టొచ్చుగా?"

ఆ లోకపు ఓనరు బెదిరి, పెట్టెని తీసుకెళ్ళి దుప్పటి మీద ఆనించాడు. పెద్దావిడ ఈసారి గుర్తు చూడలేదు. కూతురి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పి చూసుకుంది. నలుగురూ మిషనెక్కారు.

నలుగురంటే బరువెక్కువ. డ్రమ్ము గర్భిణిలా నెమ్మదిగా, ఆయాసపడుతూ తిరిగింది. ఇంటికొచ్చి తలుపు తీసేసరికి రేవు సైరను మొదలైంది.

"పరుగెత్తు!" అన్నాడు ఓనరు, అందరికంటే ముందు.

పిచ్చుక పరుగెత్తింది. బేకరీ ముందు నుంచి, ఇంకా ఊడవని మెట్ల మీంచి, పాలవ్యాను పక్కనుంచి, భుజాల మీద దుప్పటి రెక్కలా లేచిపోతుండగా. సైరను చివరి మూలుగులోకి దిగుతుండగా గేటు దాటింది.

"దుప్పటెందుకమ్మా?" అన్నాడు గేటు కాపలాదారు.

"పైన చలిగా ఉంటుందేమోనని," అంది పిచ్చుక, ఊపిరి అందక.

షాపులో రెండో పిచ్చుక మాసిన బట్టల గుట్ట మీద హాయిగా పడుకుని నిద్రపోతోంది. ఎంతకాలంగా పోవాల్సిన నిద్రో. ఆమె లేచి ఒళ్ళు విరుచుకునేసరికి ఓనరు అలవాటుగా నోరు తెరిచాడు.

"అమ్మాయ్, ఆ హోటలు దుప్పట్లు..."

"అన్నయ్యా, నన్ను కాపాడామన్నారు కదా? బల్ల మార్చడానికేనా కాపాడింది?"

పెద్దావిడ, వదిన, టీ తెచ్చిన బేకరీ ఆవిడ ముగ్గురూ ఆయన వైపే చూశారు. ఓనరు మెల్లిగా లేచాడు. మొదట తన చొక్కా మీదే మొదలుపెట్టి, కాలరు కింద ఇస్త్రీపెట్టె అచ్చు పడేలా కాల్చాడు.

"కాలరు ముందు, తర్వాత చేతులు, వీపు ఆఖర్న," అంది వదిన. "భయపడకండి. మాకూ పుట్టుకతో రాలేదు."

ఇప్పుడు ఆ వీధిలో పిచ్చుకలిద్దరు. ఎవరైనా పిలిస్తే "ఏ పిచ్చుక, పైదా కిందదా?" అని అడుగుతారు. పైది గాజుగదిలో కూర్చుని ఓడల మీద పెట్టెలు దించుతుంది. మధ్యాహ్నాలు మిషనెక్కడానికి ఆమెకి వీలుపడదు గనక ఆ మూడో చోటు కిందదానిది. ఆమె దుప్పటి ముడి వేసుకుంటూ కూనిరాగం తియ్యడం మొదలుపెట్టింది. మొదట్లో ఒకే ముక్క, తర్వాత మొత్తం పాట. కౌంటరు దగ్గరి కుర్చీలో వదిన కూర్చుంటోంది. వీధి కొద్దిరోజులు తికమకపడి, ఆవిడని ఓనరుగారు అనడం నేర్చుకుంది.

మొన్న మధ్యాహ్నం మూడో మిషను దానంతటదే ఒక చుట్టు తిరిగి జేబురుమాలు ఒకటి కక్కింది. మూల మీద కాలిన మచ్చ. ఇంకో మూల మీదా మచ్చ. నాలుగు మూలలా మచ్చలే, మధ్యలో ఒకటి అదనం. అంచున మూడు చుక్కలు, కింద ఒక గీత.

ఆడవాళ్ళు ముగ్గురూ దాన్ని వెలుతుర్లో పెట్టి చూశారు. బల్ల దగ్గర దుప్పటి మీద నీళ్ళు చల్లుతున్న మాజీ ఓనరు కూడా మెడ సాచి చూసి, ఎవరిదో గుర్తుపట్టి, గతుక్కుమన్నాడు.

"పాపం, వెళ్దామా?" అన్నాడు.

పెద్దావిడ రుమాలుని నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు పెట్టె కింద ఉంచింది.

"తొందరేం లేదు," అంది. "ఒక్క వారం ఆగనీ."