గొంతు మీద గీత

పై అంతస్తులోని కోర్టు హాలు కిక్కిరిసిపోవడంతో, మిగిలినవాళ్ల కోసం కింద పాత దస్త్రాల గదిని ఖాళీ చేసి గోడకు తెర కట్టారు. పైన జరిగేదంతా ఆ తెర మీద కనిపిస్తుంది, స్పీకర్లో వినిపిస్తుంది. అయితే ఆ గదిలో కూర్చున్న అరవై మందికీ స్పీకరుతో పనిలేదు. వాళ్లెవరికీ చెవులు వినిపించవు. వాళ్ల చూపంతా తెర పక్కన ఎత్తుబల్ల మీద నిలబడ్డ ఒకామె చేతుల మీదే ఉంది.

ఆమె బధిరుల బడిలో లెక్కల టీచరు. తల్లికీ తండ్రికీ వినిపించని ఇంట్లో పుట్టింది కాబట్టి నోటితో మాటలు రాకముందే చేతులతో మాట్లాడడం నేర్చుకుంది. పద్దెనిమిదేళ్లుగా కోర్టువాళ్లు కబురు పెట్టినప్పుడల్లా వచ్చి, అక్కడి మాటలను సైగల్లోకి, ఇక్కడి సైగలను మాటల్లోకి మారుస్తోంది. బంట్రోతులంతా ఆమెను దుబాసీగారు అంటారు. ఆమె పనికి ఇంతవరకూ వంక పెట్టినవాడు లేడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆ రోజు ఆఖరి వాదనలు. చనిపోయినవాడు గచ్చు పలకలు పరిచే మేస్త్రీ. పుట్టు చెవిటివాడు. పని చేస్తున్న భవనంలో కరెంటు తీగ చోరీ అయిందని, మిట్టమధ్యాహ్నం పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. సాయంత్రానికి స్టేషన్లోనే ప్రాణం పోయింది. మెట్ల మీంచి జారిపడ్డాడని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. ఒంటి మీద దెబ్బలు చూసిన డాక్టరు కాదన్నాడు. ఇప్పుడు ఆ ఇన్‌స్పెక్టరే హత్య కేసులో ముద్దాయి.

పొద్దున ప్రభుత్వ వకీలు మాట్లాడాడు. బక్కపల్చటి మనిషి. గొంతు పెంచకుండానే మొదలుపెట్టి, గొంతు పెంచకుండానే ముగించాడు.

“నోరు విప్పమని కొట్టారండీ. ఆ మనిషి నోరు ఆయన చేతుల్లో ఉంది. ఆ చేతులనే వెనక్కి విరిచి బేడీలు వేశారు. వేసి, మాట్లాడమన్నారు.”

దుబాసీ ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు గాలిలో పెట్టింది. అరవై జతల చేతులు ఒక్కసారి పైకి లేచి అల్లల్లాడాయి. పైన జనం చప్పట్లు కొడితే జడ్జిగారు కసురుకున్నారు. కింద కసురుకునేవాళ్లు లేరు. చేతులు చాలాసేపు దిగలేదు.

మధ్యాహ్నం విరామంలో ఆమె ఎదురుగా ఉన్న దుకాణానికి వెళ్లి నిలబడి టీ తాగింది. అక్కడ అప్పటికే తీర్పు చెప్పేస్తున్నారు. దుకాణదారు ఇన్‌స్పెక్టర్‌కి యావజ్జీవం ఖాయమన్నాడు. సామాన్లు దింపడానికొచ్చిన డ్రైవరు, పోలీసువాడికి శిక్ష పడడం తన కళ్లతో చూస్తే గాని నమ్మనన్నాడు. బెంచీ చివర కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం, తన కొడుకూ పోలీసేననీ, రేపు వాడి మీద ఎవడైనా చెయ్యి ఎత్తితే తన కొడుకు ముందు అతనికి చెవుడుందని డాక్టరు సర్టిఫికెట్ అడగాలా అనీ నిష్ఠూరంగా అంది. దుబాసీ గ్లాసు పెట్టేసి వచ్చేసింది. బల్ల మీద ఉన్నంతసేపూ తనకంటూ మాట ఉండకూడదన్నది ఆమె నియమం. దాన్ని టీ కొట్టు దాకా సాగదీయడం అలవాటైపోయింది.

మధ్యాహ్నం ముద్దాయి వకీలు లేచాడు. నిండైన మనిషి, నిండైన గొంతు. చనిపోయినవాడు పాపం అమాయకుడే కావచ్చన్నాడు. కానీ ఆ పూట స్టేషన్లో అతను మొండికేశాడని, మీదకి వచ్చాడని, చెవుడు నటిస్తున్నాడని ఎవరికైనా అనిపించి ఉండేదని అన్నాడు.

దుబాసీ ఒక్క ముక్క వదల్లేదు. మొండివాడు అన్నచోట మొండివాడనే చూపించింది. నటన అన్నచోట నటన అనే చూపించింది. గదిలో గాలి మారింది. మూడో వరసలో గడియారాలు బాగుచేసే తాతయ్య లేచి నిలబడ్డాడు. మన పిల్లాణ్ని నీ చేతులతో తిడతావా అని అడిగాడు. కొందరు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. రెండో వరసలో ఉన్న దుబాసీ తల్లి కళ్లు మూసుకుంది. వాళ్ల లోకంలో అంతకు మించిన అలక లేదు. చిన్నప్పుడు తను అబద్ధమాడినప్పుడు తప్ప అమ్మ అలా ఎన్నడూ చేయలేదు.

అయినా దుబాసీ చేతులు ఆపలేదు. వకీలు మంచినీళ్లు తాగే సందు చూసుకుని తాతయ్య వైపు తిరిగింది.

“ఇవి నా మాటలు కావు తాతయ్యా. నేను తీపి చేసి చెప్పాననుకో, రేపు వచ్చే తీర్పు మీకు అర్థం కాదు.”

అంతలో ముందు వరసలో మేస్త్రీ భార్య చెయ్యెత్తింది. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. సాక్ష్యం చెప్పాల్సినదని విచారణ అన్ని రోజులూ ఆమెను బయటే కూర్చోబెట్టారు. లోపల ఎవరేం చెప్పారో తెలుసుకునే వీలు ఆమెకు దొరికింది ఈ రోజే. కింద తెర కట్టింది కూడా ఈ రోజే, అంతకుముందు పోలీసుల సాక్ష్యాలను దుబాసీతో సహా ఈ గదిలో ఎవరూ చూడలేదు.

“చెప్పు,” అంది సైగతో. “ఒక్కటీ వదలొద్దు.”

వకీలు మళ్లీ మొదలుపెట్టాడు. కానిస్టేబులు సాక్ష్యం గుర్తుచేశాడు. చనిపోయినవాడు ఇన్‌స్పెక్టర్‌ని చంపేస్తానని బెదిరించాడని కాగితం మీద ఉంది. ఎలా బెదిరించాడో ఆ కానిస్టేబులు చేసి చూపించాడు, దాన్నే ఇప్పుడు మనవి చేస్తానన్నాడు. చూపుడువేలితో తన గొంతు మీద ఈ చివర నించి ఆ చివరకు గీత గీసుకున్నాడు. ఆ తర్వాత గుమ్మం వైపు వేలు చూపించాడు.

“గొంతు కోస్తాను, బయటకి రా అని. బేడీలు వేయకముందు ఇలా మూడుసార్లు. దీనికి దుబాసీ అక్కర్లేదండీ, పసిపిల్లలకి కూడా తెలుస్తుంది.”

దాన్ని ఎవరూ చేతుల్లోకి మార్చనక్కర్లేకపోయింది. తెర మీద అందరూ నేరుగా చూశారు. చూసినవాళ్లంతా ఒక్కసారే మేస్త్రీ భార్య వైపు తిరిగారు.

ఆమె లేచి మెడకు చుట్టుకున్న గుడ్డ తీసింది. గొంతు మీద అడ్డంగా నున్నటి మచ్చ. చిన్నప్పుడు ఆపరేషన్ చేసిన చోటు. వినిపించని వాళ్లలో ఎవరినీ అక్షరాల పేరుతో పిలవరు. మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించేదే సైగ అవుతుంది, అదే పేరవుతుంది. బడిలో చేరిన మొదటి వారంలోనే పిల్లలు ఆమెకు గొంతు మీద గీతను పేరుగా పెట్టారు. ఇరవై ఏళ్లుగా అందరూ అలాగే పిలుస్తున్నారు. మేస్త్రీ కూడా.

“అది నా పేరు,” అందామె. “నన్ను పిలవమన్నాడు. బయట నించి నన్ను పిలవమన్నాడు.”

పక్కవాళ్లు భుజం తడితే దుబాసీ తల్లి కళ్లు తెరిచింది.

మేస్త్రీ భార్య వచ్చి దుబాసీ చెయ్యి పట్టుకుంది. “పైకి పద. నాకు గొంతు కావాలి.”

అది నియమం తప్పే పని కాదు, నియమం ప్రకారం చేయాల్సిన పనే. దుబాసీ బల్ల దిగింది. మెట్ల దగ్గర బంట్రోతు అడ్డుపడితే పక్కకి జరగమంది. ఆమె అంత గట్టిగా మాట్లాడడం అతను ఎప్పుడూ వినలేదు, జరిగాడు. పైన పది నిమిషాల విరామం ఇచ్చారు. వరండాలో ప్రభుత్వ వకీలు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

“సార్, అది నా పేరు,” అంది దుబాసీ, తన పక్కనున్న మనిషి చేతులను చూస్తూ. వకీలు ముందు దుబాసీని చూశాడు. తర్వాత ఆ మాటలు ఎవరివో తెలిసి మేస్త్రీ భార్య వైపు తిరిగాడు. ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. మేస్త్రీ ఫోను కోర్టు దగ్గరే ఉంది. పని దగ్గర నించి ఆయన రోజూ తనకు వీడియో పంపేవాడు.

సాక్షిని మళ్లీ పిలుస్తామంటే ముద్దాయి వకీలు ఒప్పుకోలేదు. వాదనలు మొదలయ్యాక పుట్టిన కథ అన్నాడు. ఫోను చూస్తే కథో కాదో తేలుతుంది కదా అని జడ్జిగారు సీలు విప్పించారు.

మొదటి వీడియోలో మేస్త్రీ కనిపించాడు. జుట్టు నిండా సిమెంటు దుమ్ము, వెనక సగం పరిచిన గచ్చు. నవ్వుతూ గొంతు మీద వేలితో గీత గీసి, అన్నం తిన్నావా అని అడిగాడు. రెండో దాంట్లోనూ ముందు ఆ గీతే. నలభై వీడియోలున్నాయి. ఏడు చూశాక జడ్జిగారు చాలన్నారు.

సాయంత్రం కోర్టు బయట జనం గేటు దాకా నిండి ఉన్నారు. కెమెరాల వాళ్లు అడుగుతుంటే తలా ఒకటి చెబుతున్నారు. టీ కొట్టులో మాట్లాడిన ఆ పోలీసు తల్లి ఎవరూ అడగకుండానే మేస్త్రీ భార్య దగ్గరికి వచ్చింది. ఏమనాలో తెలియక ఆమె రెండు చేతులూ పట్టుకుని, అవి మాట్లాడే చేతులని గుర్తొచ్చి వదిలేసింది.

తొమ్మిదో రోజున తీర్పు వచ్చింది. హత్యే. ఇన్‌స్పెక్టర్‌కి యావజ్జీవం, అబద్ధం చెప్పిన కానిస్టేబులు మీద వేరే కేసు. దుబాసీ ఆ గంటన్నరా ఆగకుండా చెప్పింది. రెండో వరసలో తల్లి రెప్ప వేయకుండా చూసింది. అంతా అయ్యాక దగ్గరికొచ్చి, నీ భుజాలు లాగుతున్నాయా అని అడిగింది.

మర్నాడు బడిలో మొదటి పీరియడ్ ఆమెదే. పిల్లలు లెక్కల పుస్తకాలు తెరవలేదు. ఆమె వాళ్లను కాసేపు చూసి, సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు దులుపుకుని మొదటి నించీ చెప్పడం మొదలుపెట్టింది.