ఓక్‌నిమ్ చెవుల కోసం ప్రార్థన

సంచి అడుగున ఉన్ని లోదుస్తులు పెట్టాను. వాటి మీద కాగితంలో చుట్టిన, చారులోకి వేసే ఎండు సముద్రపు నాచు, ఒక డబ్బాడు ఎండు చేపలు. ఓక్‌నిమ్ డబ్బా తీసి నేల మీద పెట్టింది. నేను మళ్ళీ లోపల పెట్టాను.

"మొక్‌పో పట్నంలో చేపలు దొరకవా పిన్నీ?"

"దొరుకుతాయి. ఇవి మన ఎండలో ఎండినవి."

"పార్లరంతా కంపు కొడుతుంది. వచ్చినవాళ్ళు తడి జుట్టుతోనే పారిపోతారు."

తనే అని తనే నవ్వింది. ఆమె తల్లి, అంటే నా తోడికోడలు, వసారాలో మాకు వీపు పెట్టి కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. రెబ్బలు గిన్నెలో పడుతున్న చప్పుడే తప్ప ఆవిడ దగ్గర్నుంచి మాట లేదు. నేను పాటల పుస్తకం సంచిలో పెట్టబోతే మాత్రం లేచి వచ్చి అది నా చేతిలోంచి తీసుకుంది.

"ఇది మందిరానిది," అంది.

అది మందిరానిది కాదు. ఓక్‌నిమ్‌కి వాళ్ళ నాన్న కొనిచ్చింది. ఆ మాట ముగ్గురికీ తెలుసు.

ఇదంతా ఆ పిల్ల చెవులకు పడిన రెండు చిల్లుల వల్ల.

అది 1984. ఓక్‌నిమ్‌కి ఇరవై రెండేళ్ళు. మా బావగారు రొయ్యల పడవతో పాటే సముద్రంలో పోయాక నా తోడికోడలు ఉప్పు మడుల్లో పనిచేసి పిల్లను పెంచింది. మా దీవిలో ఊరన్నా చర్చి సంఘమన్నా ఒకటే; అక్కడ ఆడవాళ్ళెవరూ చెవులు కుట్టించుకునేవారు కాదు. ఆ సంఘంలో ఆవిడది ప్రార్థనలో పెద్దరికం. తెల్లవారకముందే వెళ్ళి గంట కొట్టేది ఆవిడే. బడికి వెళ్ళే రోజుల నుంచీ ఆదివారాలు హార్మోనియం వాయించేది ఓక్‌నిమ్. నాకు పిల్లలు లేరు. అది తల్లి గదిలో కన్నా నా గదిలోనే ఎక్కువ పెరిగింది.

జుట్టు పని నేర్చుకుంటానని మొక్‌పో వెళ్ళి ఏడాది ఉంది. ఆ ఏడాదంతా గాలి వీచినా నాకు నిద్ర పట్టేది కాదు. కోతల పండక్కి తిరిగి వచ్చినప్పుడు, "ఇంక వెళ్ళను పిన్నీ, రేవు వైపున్న మన ముందు గదిలో ఒక అద్దం, ఒక కుర్చీ వేసుకుంటే చాలు," అంది. నాకు కావలసింది అదే. అది ఈ ఇంట్లో ఉండిపోవడం. అంతకు మించి నేను దేవుణ్ణి ఏదీ అడగలేదు.

పండగ మర్నాడు వంటింట్లో జుట్టు పక్కకు తోసి చూపించింది. గింజంత రాళ్ళు రెండు. కుడి చెవి తమ్మె ఎర్రగా వాచి ఉంది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పెట్టి కడిగాను.

"ఎందుకే ఇది?"

"అద్దంలో చూసుకుంటే బాగుంది. అంతే."

"అంతేనా? ఎవరైనా కుర్రాడా?"

"కుర్రాడి కోసమైతే ఇంత నొప్పి ఎందుకు పడతాను పిన్నీ? కాస్త పౌడరు రాసుకుంటే చాలదూ?" మళ్ళీ మెల్లగా, "అమ్మకి నేనే చెప్తా. ఒక్క నాలుగు రోజులు ఆగు," అంది.

ఆగాను. కానీ చెప్పే లోపలే తల్లి చూసేసింది. పంపు దగ్గర కూతురు తల రుద్దుకుంటుంటే నీళ్ళు పోస్తోంది. జుట్టు ముందుకు పడింది. ఆవిడ చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఓక్‌నిమ్ కారుతున్న తలతోనే నా దగ్గరకు పరిగెత్తుకొచ్చింది.

"అమ్మ చూసింది, ఏమీ అనలేదు! ఊరికే హడలి చచ్చాను."

నా తోడికోడలికి కోపం వస్తే అరుస్తుంది. అరవలేదంటే అది మనుషులతో తేల్చుకునే సంగతి కాదని నిశ్చయించుకుందన్నమాట.

శుక్రవారాలు ఇళ్ళల్లో జరిగే ప్రార్థన కూడిక ఆ వారం మా ఇంట్లోనే. మా వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. పాటలయ్యాక ఎవరి ప్రార్థన అంశం వాళ్ళు చెప్పుకోవడం మా అలవాటు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి కొడుకు పరీక్షలు, ఒకరికి మొరాయిస్తున్న పడవ ఇంజను. నా తోడికోడలి వంతు వచ్చేసరికి ఓక్‌నిమ్ ఉడికించిన చిలగడదుంపల పళ్ళెంతో లోపలికి వస్తోంది.

"నా బిడ్డ కోసం ప్రార్థించండి," అంది తల్లి. కళ్ళల్లో నీళ్ళు. "ఒక్క గాటు పడకుండా పెంచిన ఒళ్ళు. దేవుడు కట్టుకున్న గుడి. చెవులకు చిల్లులు పొడిపించుకొచ్చింది. ఆ చిల్లుల్లోంచి లోకం లోపలికి దూరింది."

అందరూ ఓక్‌నిమ్ వైపు తల తిప్పారు. కొడుకు పేరుతో మేం దూసిక్ అమ్మ అని పిలిచే ఆవిడ మెడ సాగదీసింది. "ఏదీ, చూడనీ! రెండు చెవులకీనా? ఒక్కోదానికి ఒకటేనా, ఇంకా ఉన్నాయా?"

తర్వాత అందరూ ఒక్కసారిగా గొంతెత్తారు. మా ప్రార్థన అలాగే ఉంటుంది, ఎవరి మాట వాళ్ళది, అందరిదీ కేక. ఎవరో లేచి ఓక్‌నిమ్ నెత్తి మీద చెయ్యి పెట్టారు. "ప్రభువా, ఆ రెండు చిల్లులూ పూడ్చు!" అని దూసిక్ అమ్మ అరిచింది, ఆ వెంటనే తన మోకాళ్ళ సంగతి కూడా కలిపింది. ఓక్‌నిమ్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. దుంపల మీద పొగలు ఆగిపోయేదాకా నిలబడింది.

తల్లి తన బిడ్డను వీధిలో పెట్టానని అనుకోలేదు. జ్వరం వచ్చిన పిల్లకు మందు పోయించాననే అనుకుంది. ఆ ముక్క నేను ఒప్పుకుంటాను. కానీ మర్నాటి వేకువ ప్రార్థనకే ఆ చెవుల సంగతి దీవి చివర ఉప్పు కొట్టాల దాకా తెలిసిపోయింది.

శనివారం పాస్టరుగారూ, సంఘ పెద్ద చోన్‌గారూ ఇంటికి వచ్చారు. పాస్టరుగారు మెత్తని మనిషి. "రాళ్ళు తీసెయ్యి తల్లీ. చిల్లులు వాటంతటవే పూడతాయి. అప్పటిదాకా హార్మోనియం ఇంకొకరు వాయిస్తారు. అంతే," అన్నారు.

"సరేనండీ," అంది ఓక్‌నిమ్.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో నోరు ఊరుకోలేదు. "అయ్యగారూ, యజమానిని వదిలి పోనన్న దాసుడి చెవిని తలుపుకి ఆనించి గుచ్చమని బైబిలు వాక్యంలో ఉందిగా?" అన్నాను. ఆయన నవ్వి, అది దాసుడి గుర్తు, ఆడపిల్ల సింగారం కాదన్నారు.

"నీకు అక్షరాలొచ్చి ఎన్నాళ్ళయిందని అయ్యగారికి వాక్యం చెప్తావు?" అంది నా తోడికోడలు. ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, "రాళ్ళు తీస్తే చాలదు. ఆదివారం లేచి నిలబడి అందరి ముందూ ఒప్పుకోవాలి," అంది.

"అంత అవసరం లేదమ్మా..."

"నా కూతురని తగ్గించొద్దు. ఒప్పుకునేదాకా దానికి ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాచే హక్కు లేదు."

చోన్ పెద్దగారు గొంతు సవరించుకుని, సంఘపు ఆడవాళ్ళకు అణకువే ఆభరణమని మొదలుపెట్టారు. ఓక్‌నిమ్ తలెత్తింది.

"పెద్దగారూ, తమరు నోరు తెరిస్తే కనిపించే బంగారం నా రెండు చెవుల్లోనూ కలిపినా లేదండీ."

ఆయన నోరు మూసేశారు. పాస్టరుగారు నవ్వు ఆపుకోవడం నేను చూశాను. తల్లి మాత్రం నవ్వలేదు. "చూశారుగా," అంది.

మర్నాడే బల్లారాధన, ప్రభువు పేర రొట్టె పంచే ఆదివారం. ఓక్‌నిమ్ రాళ్ళు తీసేసి, జుట్టంతా వెనక్కి ముడిచి, చెవులు అందరికీ కనబడేలా తల్లి పక్కన కూర్చుంది. వాళ్ళ వెనక వరసలో నేను. అది లేచి ఏమీ చెప్పలేదు. చెప్పమని పాస్టరుగారూ పిలవలేదు. సంగతి అంతటితో పోతుందని నేనెంతో ఆశపడ్డాను. రొట్టె పళ్ళెం చోన్ పెద్దగారి చేతిలో ఉంది. మా ముందు వరస దగ్గరకు వచ్చి ఆయన ఓక్‌నిమ్ ఎదుట పళ్ళెం ఆపారు. ఇవ్వడానికే ఆపారని నేను ఇప్పటికీ అంటాను. ఆ పిల్ల చెయ్యి చాచింది.

తల్లి ఆ మణికట్టు పట్టుకుని కిందకు దించింది. కూతురి చేతిని కూతురి ఒళ్ళోనే నొక్కి పట్టి, రెండో చేత్తో తన ముక్క తీసుకుని తింది.

ఇంటికి వచ్చాక ఓక్‌నిమ్ ఏడవలేదు. అద్దం ముందు కూర్చుని రాళ్ళు మళ్ళీ పెట్టుకుంది. కుడి చెవి చిల్లు అప్పుడే పూడుకోబోతోంది. పళ్ళు బిగించి గుచ్చింది. నెత్తురు మెడ దాకా కారింది.

"వద్దే, చాల్లేవే," అన్నాను.

"మూసుకుపోతోంది పిన్నీ," అంది. అంతే అంది.

సోమవారం పొద్దున్న సంచి సర్దాము. నేను మొదట చెప్పింది ఆ పొద్దుటి సంగతే. రేవు దాకా సంచి నేను మోశాను. తల్లి రాలేదు.

"కోపం తగ్గాక వస్తావుగా?"

"అమ్మ పిలిస్తే వస్తా."

"నేను పిలుస్తున్నాగా."

"నువ్వు ఎప్పుడూ పిలుస్తావు పిన్నీ," అని నా చెంప మీద చెయ్యి వేసి పడవెక్కింది.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. "అక్కా, ఒక్క మాట పిలువు. పడవ ఇంకా కదల్లేదు."

"తలుపు తెరిచే ఉంది కదా. పిలవడం ఎందుకు?" అంది, వెల్లుల్లి మీంచి తల ఎత్తకుండా.

ఆ తర్వాత ప్రతి వేకువా మందిరంలో ఆవిడ గొంతే పైకి వినిపించేది. నా బిడ్డను వెనక్కి తీసుకురా అని. దేవుణ్ణే అడిగింది. పోస్టాఫీసుకు వెళ్ళి మొక్‌పోకి ఫోను చేసింది మాత్రం నేను. "అమ్మ రమ్మంటోంది," అని అబద్ధం చెప్పాను. "అమ్మ అందా, నువ్వంటున్నావా?" అనడిగింది. నేను తడబడ్డాను. మళ్ళీ ఫోను చేసినప్పుడు, ఆ పిల్ల పుసాన్ వెళ్ళిపోయిందని పార్లరు ఆవిడ చెప్పింది. ఆ మహానగరంలో ఎక్కడ ఉంటోందో ఆవిడకూ తెలియదు.

కాలం పోయింది. కొత్త పాస్టరుగారి భార్య చెవులకు ముత్యాలతో వచ్చింది. పాటల బృందంలో ఆడపిల్లలందరి చెవులూ మెరిసేవి. దూసిక్ అమ్మ డెబ్బై దాటాక కోడలితో వెళ్ళి కుట్టించుకుని వచ్చి, నొప్పి కూడా లేదే అని అందరికీ చూపించింది. నా తోడికోడలు ముందు వరసలో కూర్చుని ఇవన్నీ చూసింది. ఒక ఆదివారం ఇంటికి వస్తూ దారిలో ఆగింది.

"వీళ్ళ అమ్మలెవరూ ప్రార్థించలేదా?" అని నన్నడిగింది.

కోపంగా అడిగిందో, ఎలా అడిగిందో నాకు అర్థం కాలేదు. ఆవిడ ముందుకు నడిచింది.

ఆవిడ 2009 వసంతంలో పోయింది. సమాధి దగ్గర కూతురి చోట నేను నిలబడి మట్టి వేశాను.

ఓక్‌నిమ్ 1984 సెప్టెంబరు పదిహేడున, సోమవారం పొద్దుటి పడవలో వెళ్ళింది. తిరిగి రాలేదు.