దాహానికి మాల

పొద్దున్నే పళ్ళు తోముకుంటుండగా సూరిబాబు దాహం అతని నోట్లోంచి జారి బయటపడుతుంది. కాళ్ళు తుడుచుకుని హాల్లోకి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. ఎదిగిన దూడంత ఉంటుంది. మొహం ఉండదు, వాసన మాత్రం ఉంటుంది.

అతని భార్య వెంకాయమ్మ దాన్ని కాదు, మొగుడి చేతుల్ని చూస్తుంది. వణకడం లేదు. కాఫీ ఒలకకుండా తాగుతున్నాడు. ఇంకొక్క గుక్క సారా పడితే మనిషి దక్కడని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. అది మళ్ళీ లోపలికి దూరేలోగా వీధిలోకి తోసి గడియ పెట్టాలి, ఆమెకు కావలసింది అంతే. తోసి చూస్తుంది, కదలదు. ఇంకో నాలుగు చేతులు పడాలి. అందుకని మగాళ్ళను పిలుస్తుంది. అదీ ఆమె తెలివితక్కువతనం.

డాక్టరు కేశవమూర్తి, ఆమె తమ్ముడు బుల్లబ్బాయి, ఏటా సూరిబాబుకు మాల వేసే గురుస్వామి వచ్చి కుర్చీ చుట్టూ కూర్చుంటారు. ఒక్కడూ చెయ్యి వేయడు.

"ఇది జబ్బమ్మా, షుగర్ లాగే. ఆయన తప్పేం లేదు," అంటాడు డాక్టరు.

"జబ్బా నా బొందా! కొవ్వు. కట్టేసి నాలుగు తగిలిస్తే అదే దిగుద్ది," అంటాడు బుల్లబ్బాయి. సాయంత్రం తన సీసా తనకుంది కాబట్టి మరీ గట్టిగా అంటాడు.

"శని పట్టిందండి. మనవేం చేత్తాం?" అంటాడు గురుస్వామి.

ఒక్కొక్కరు నోరు తెరిచినప్పుడల్లా హాలు బారెడు సాగుతుంది, వీధి తలుపు బారెడు దూరం జరుగుతుంది.

"అదేంటో తర్వాత తేల్చుకుందురుగానీ, ముందో చెయ్యెయ్యండి బాబూ," అంటుంది వెంకాయమ్మ.

"తేలకుండా ఎలా తోస్తామమ్మా?" అంటాడు డాక్టరు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు.

చివరికి గురుస్వామి సంచీలోంచి తులసిమాల తీసి దాహం మెడలో వేస్తాడు. మాల పడితే ఎంతటి తాగుబోతైనా దీక్ష అయ్యేదాకా చుక్క ముట్టడు కదా, దాహం మాత్రం ఎందుకు ముడుతుందని అతని లెక్క.

మాల వేసుకున్నవాళ్ళెవరైనా స్వామే. డాక్టరు దాహం కాళ్ళకు దణ్ణం పెడతాడు. బుల్లబ్బాయి సాష్టాంగపడతాడు. స్వామిని వీధిలోకి తోయడం మహాపాపమట. ఉల్లిపాయ లేకుండా వంట చెయ్యమని వెంకాయమ్మకు పురమాయిస్తారు. ఆమెకు ఒళ్ళు మండిపోతుంది.

మూల నిలబడ్డ సూరిబాబు మొహం మాడుతుంది. ఏడాది మొత్తంలో ఆ దీక్ష రోజుల్లోనే ఊళ్ళో అతన్ని ఎవరైనా "మీరు" అనేది.

"మరి నన్ను స్వామీ అనరేంటి?" అంటాడు.

"నీకు మాలేదీ బావా?" అంటాడు బుల్లబ్బాయి.

సూరిబాబు మూలలోంచి ముందుకొస్తాడు. కుర్చీ ముందు మోకరిల్లి నోరు తెరుస్తాడు. "లోపలికి దయచెయ్యండి స్వామీ."

దాహం మాలతో సహా లోపలికి వెళుతుంది. ముగ్గురూ వచ్చి సూరిబాబు కాళ్ళ మీద పడతారు. అందరికీ ఎంత తృప్తో!

వెంకాయమ్మ కొంగు బిగించి, మొగుడి దవడ పట్టుకుని, నోట్లోకి చెయ్యి పెడుతుంది. మోచెయ్యి వెళుతుంది, భుజం వెళుతుంది, తల కూడా వెళుతుంది. లోపల చీకట్లో గాజుల చెయ్యొకటి ఆమె మణికట్టు పట్టుకుంటుంది. ఎప్పుడో పోయిన అత్తగారిది.

"వచ్చావా అమ్మాయ్," అంటుంది ఆవిడ. "నేను మీ మావగారి నోట్లోంచి దూరాను. ఈ దాహాన్ని ఇప్పటిదాకా లాగుతూనే ఉన్నాను. కాస్త జరగండర్రా, దీనికీ చోటివ్వండి."

వరసగా నిలబడ్డ ఆ ఇంటి పాతకాలం కోడళ్ళు జరుగుతారు. చీరలన్నీ ఒకదానికొకటి ముడేసి తాడులా పేనారు. ఆమె కాళ్ళు కూడా లోపలికి వచ్చాక వెనకాల సూరిబాబు నోరు మూసుకుంటుంది. వెంకాయమ్మ తన చీర విప్పి, ఆ తాడు కొసకు ముడేస్తుంది.