కడిగిన డ్రమ్ము

ఆరోగ్యమ్మ నడుం దాకా నీళ్ళ డ్రమ్ములోకి వంగి కొబ్బరి పీచుతో రుద్దుతోంది. బ్లీచింగ్ పౌడరు ఘాటుకు కళ్ళు మండుతున్నాయి, ముక్కు కారుతోంది, వేళ్ళ సందుల్లో చర్మం పొక్కింది. బడి వంటశాల రేకులు మధ్యాహ్నపు ఎండకు కాలిపోతున్నాయి. అయినా ఆమె చెయ్యి ఆగలేదు.

"చిన్నమ్మా, జల్దీ కానియ్యి. ల్యాబోళ్ళు ఖమ్మంలకెల్లి బయలెల్లిండ్రంట," అన్నాడు హెడ్మాస్టరు జయరాజ్ గుమ్మంలో నిలబడి. "డ్రమ్ము అడుగున పాకుడు గూడ ఉండొద్దు. మురికి కనపడితే నీ మీదనే పడ్తరు."

"అవ్ బిడ్డా, కడుగుతున్న."

నిన్న బడిలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాంతులు చేసుకున్నారు. పొద్దుగూకేసరికి విరేచనాలు. పెద్ద పిల్లలు తట్టుకున్నారు గాని, తండా నుంచి బడికొచ్చే పూలి చిన్న కూతురు సోలిపోయింది. ఆ పిల్లను భద్రాచలం దవాఖానాకు ఎత్తుకుపోయారు. ఇక ఊళ్ళో ఒకటే మాట: చర్చిపేట దాని చేతి కూడు తినిపించారు, అనుభవించండి! ఆరోగ్యమ్మను వంటకు పెట్టిననాడే కొందరు తమ పిల్లలకు ఇంటి నుంచి డబ్బాలు కట్టి పంపారు. ఆమె పప్పుచారు వాసనకు పిల్లలే డబ్బాలు మూసేసి వరసలోకి వచ్చి కూర్చున్నారు. పిల్లలు మరిచిపోయిన కులాన్ని పెద్దవాళ్ళు మరిచిపోతారా?

జయరాజ్ ఆమెకు అక్క కొడుకు వరస. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే చర్చి. ఊరు కాదన్నా ఆమెను వంటకు పెట్టింది అతనే. అందుకే దగ్గరుండి కడిగిస్తుంటే తనను కాపాడడానికే అనుకుంది, పిచ్చితల్లి. పుట్టిననాటి నుంచి మురికిదన్న మాట పడ్డ మనిషికి, ఎవరో చూడ్డానికి వస్తున్నారంటే కడగడం తప్ప ఇంకేం తోస్తుంది?

జీపు వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్ కోటేష్, కడిగి మళ్ళీ నింపిన డ్రమ్ము నీళ్ళు క్యాన్లలో పట్టాడు. పిల్లల విరేచనాలు సీసాల్లో తీసుకున్నాడు. వండిన మనిషిది కూడా కావాలని ఆరోగ్యమ్మకు ఒక సీసా ఇచ్చాడు. దాన్ని కొంగు కింద దాచుకుని ఆమె పొదల చాటుకు నడుస్తుంటే మగవాళ్ళు కిసుక్కున నవ్వారు. తిరిగొచ్చి తల దించుకుని అందించింది.

"సిగ్గెందుకమ్మా," అన్నాడు కోటేష్. "ఖమ్మంల కలరా క్రిమినే చూస్తం. వైరస్ అయితే మంచు పెట్టెల హైదరాబాద్ పంపాలె. జెర ఆలస్యమైతది గానీ తేలుద్ది."

"తేలాలె బిడ్డా. నా చెయ్యి మంచిదని ఆ మిషనన్నా చెప్పాలె."

వంట ఆపేశారు. పూలి కూతురు దక్కలేదు. ఆరోగ్యమ్మ తండా వైపు వెళ్ళలేక, ఇంట్లో కూర్చోలేక కుమిలిపోయింది.

ఫలితం చెప్పడానికి కోటేష్ వచ్చిన రోజు బడి వరండా నిండిపోయింది.

"పిల్లల దాంట్ల వైరస్ దొరికింది. ఈమె దాంట్ల ఏం లేదు. డ్రమ్ము నీళ్ళల్ల గూడ ఏం లేదు," అన్నాడు. "బ్లీచింగ్ కలిసిన నీళ్ళల్ల ఏం బతుకుద్ది? మేం రాకముందు డ్రమ్ము కడిగిందెవలు?"

ఆరోగ్యమ్మ ధైర్యంగా జయరాజ్ వైపు చూసింది. అతను చెప్తాడు కదా!

జయరాజ్ కోటేష్ వైపు తిరిగాడు. "మా చిన్నమ్మే కడిగింది. నన్ను అడగలే. తప్పు చేసిన భయం, బుగులుతోని కడిగి ఉంటది."

"నా పిల్లను మింగి గిన్నెలు కడుక్కున్నవా?" అని పూలి గుండెలు బాదుకుంది.

 ఊరు అన్న మాటలన్నీ ఆరోగ్యమ్మ మోసింది. ఇది మాత్రం సొంత మనిషి పొడిచిన పోటు.

జయరాజ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మోరీలున్న నీళ్ళ పైపు పగిలిందని నువ్వు ముందుగాలనే చెప్పినవ్, నిజమే. మార్పియ్యకుంటనే మార్పిచ్చిన అని పై ఆఫీసరుకు రాసిచ్చింది నేను. బయటపడితే నా ఉద్యోగం పోతది చిన్నమ్మా. ఊకో. వేరే పని నేను చూపిస్త. వంటశాల తాళం ఇయ్యి."

"ఇయ్య!"

అందరికీ వినబడేలా అంది. వరండా దిగి నేరుగా బడి ముందున్న మురికినీళ్ళ మోరీలోకి నడిచింది. మోకాళ్ళ దాకా బురద. పైపు అతుక్కి చుట్టిన సైకిల్ ట్యూబును రెండు చేతులా పీకింది. బుసబుసమంటూ నీళ్ళు ఎగజిమ్మాయి.

"డ్రమ్ములకొచ్చే నీళ్ళు గివి, గీ మోరీ మురికంత గీ పగులుకెల్లే కలుస్తది. దగ్గరుండి నాతోని కడిగిపిచ్చింది గా సారు. కోటేషూ, గీ నీళ్ళు పట్టు!"

కోటేష్ జీపులోంచి ఖాళీ క్యాను తీశాడు.

"ఎవలు పట్టమన్నరు నిన్ను? ఆర్డరున్నదా?" జయరాజ్ గద్దించాడు.

కోటేష్ అక్కడే ఆగిపోయాడు. క్యాను వరండా అంచున పెట్టి వెనక్కి జరిగాడు. ఆరోగ్యమ్మ మోరీలో నిలబడి క్యాను కోసం చెయ్యి చాపింది. వరండాలో ఎవరూ కదల్లేదు.

పూలి ఆ నీళ్ళ వైపు చూసింది, క్యాను వైపు చూసింది. లేచి, క్యాను అందుకుని మెట్టు దిగింది.