వేయించిన ఉప్పు

తన చంటిపిల్లను చంకనేసుకునే అత్త ఏదో ఒక రోజు నిలువునా కూలిపోతుందని శ్రావణి భయం. దాన్ని మించిన భయం ఆమెకు లేదు.

తెల్లారగానే ఆమె జూలూరుపాడు చేలకు మిర్చి ఏరబోతుంది. తొమ్మిది నెలల పిల్ల పొద్దుగూకే దాకా అత్త జంపక్క చేతుల్లోనే. జంపక్కకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయని, ఉప్పు బాగా తగ్గించమని నర్సు ప్రమీల చెప్పి మాత్రలిచ్చింది. వేయిస్తే ఉప్పులో చెడు పోతుందని వాడంతా నమ్మేదే. ఎనిమిదితో బడి మానేసిన శ్రావణీ నమ్మింది. కిలో ఉప్పు పెనం మీద చిటపటలాడించి డబ్బాకెత్తింది. ఇక భయమేముందని జంపక్క గంజిలో గుప్పెడేసి తాగింది.

నెలకు ప్రమీల చూస్తే పై బీపీ నూట డెబ్బై నుంచి నూట తొంభైకి ఎక్కింది.

"ఏం తింటున్నవ్ జంపక్కా?"

"వేయించిన ఉప్పేనమ్మా! ఇసమంత తీసింది నా కోడలు."

ప్రమీల నెత్తి కొట్టుకుంది. "పోయేది చెమ్మనే తల్లీ, ఉప్పు ఏడికి పోతది? షుగరున్న ఒంట్లకు గింత ఉప్పా? గుండె, కిడ్నీలు ఏం కావాలె?"

ఆ ఉప్పు వేయించింది శ్రావణి చేతులే.

ఆ పూటే డబ్బా బోర్లించింది. రోజంతటికీ, మొగుడితో సహా ముగ్గురికీ కలిపి రెండే చిన్న చెంచాలు. చింతపండు, వెల్లుల్లి పెంచింది. పచ్చడి జాడీ పుట్టింటికి పంపింది.

"ఏందే గిది? బర్రె గూడ ముట్టది!" జంపక్క కంచం నెట్టేసింది. మర్నాడు పక్కింటి సైదమ్మ దగ్గర ఆవకాయ అడుక్కుని తింటూ దొరికింది.

"అత్తమ్మా, నీ బీపీ దిగేదాక పిల్లను నీకియ్య. నాతోనే చేనుకు తీస్కపోత."

"ఎండల పసిదాన్నా? మనిషివేనా నువ్వు!"

"నువ్వు పడితే దాన్నెవరు పట్టుకుంటరు?"

శ్రావణి అన్నంత పనీ చేసింది. వేపచెట్టు కింద చీర ఉయ్యాల కట్టి, సాలుకోసారి పరుగెత్తుకొచ్చి చూసుకుంది. ఉత్త చేతులతో జంపక్క మూడు రోజులు వాకిట్లో కూర్చుంది. నాలుగో రోజు చప్పిడి కూర కలుపుకుని, మొహం చిట్లించి, ముద్ద మింగింది. శ్రావణి ఇంకో గరిటె వడ్డించింది. మాత్ర ఒక్కపూట కూడా తప్పనివ్వలేదు.

ఐదు వారాలకు నూట నలభై రెండు.

"ఇంకా దిగాలె అత్తమ్మా," అంటూనే పిల్లను ఆమె ఒళ్లో పెట్టింది శ్రావణి.

సాయంత్రం మీ అమ్మకో అత్తకో ఫోన్ చేసినప్పుడు, తిన్నావా అని అడిగి పెట్టేయకండి. బీపీ ఎప్పుడు చూపించుకున్నావో చెప్పమని అడగండి.