పనికొచ్చే కొన

బామ్మర్ది ఎడమ చెవిని ఆస్పత్రిలో తీసేసిన రోజున మేస్త్రీ మామూలుగానే కార్ఖానాకు వెళ్ళాడు. గేదె కొమ్ములతో దువ్వెనలు చేసే చోటు అది. బావాబామ్మర్దులు ఇద్దరిదీ అక్కడే పని. "ఇద్దరం మానేస్తే దువ్వెన పళ్ళెవరు కోస్తారే?" అని భార్యతో అని, చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఏడాదిన్నర కిందట ఆ చెవి పైఅంచున గట్టి పులిపిరి లాంటిది లేచింది. చూస్తుండగానే అది గోధుమరంగులో, వేలి కణుపంత పొడవు పెరిగి, కాస్త వంపు తిరిగింది. అచ్చం కొమ్మే. కార్ఖానా అంతా విరగబడి నవ్వింది.

"ఏరా బామ్మర్దీ, సరుకు కొరతగా ఉందని నువ్వే పండిస్తున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"రెండోది కూడా రానీ బావా, జత కుదురుతుంది" అని అతనూ నవ్వాడు.

కొన్నాళ్ళకు నవ్వడం మానేశాడు. ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేకపోతున్నాడు. "కింద సలుపుతోంది బావా. ఒక్కపూట డాక్టరుకు చూపించుకొస్తా."

"గోరు పెరిగితే డాక్టరెందుకురా? రా, కూర్చో ఇలా."

ముప్పై ఏళ్ళుగా కొమ్ములు కోసిన చెయ్యి మేస్త్రీది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డను చెవి మీద అదిమి, మెత్తబడ్డాక సన్నరంపం పెట్టాడు. పనివాళ్ళు చుట్టూ చేరి ఈలలు వేశారు. బామ్మర్ది బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. కొమ్ములో పనికొచ్చేది కొన. మొదలు పారేస్తారు. మేస్త్రీ ఇక్కడా అంతే చేశాడు. కొనను సానపట్టి, మెరుగుపెట్టి జేబులో వేసుకున్నాడు. నెత్తురంటిన మొదలును కాలితో పొట్టులోకి నెట్టేశాడు.

అది మళ్ళీ పెరిగింది. మళ్ళీ కోశాడు. మూడోసారి రక్తం ఆగక చొక్కా భుజం తడిసిపోయింది. "ఆడపిల్లలా మూలగకు" అన్నాడు మేస్త్రీ.

ఈసారి పుండు మానలేదు. ఆస్పత్రికి మేస్త్రీతో పాటు అతని భార్య, అంటే బామ్మర్ది అక్క, కూడా వెంట వెళ్ళింది. మేస్త్రీ జేబులోంచి కొన తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు, అద్దంలా మెరుస్తోంది.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఇలాంటివి చాలావరకు అపాయం లేనివే. కొన్నింటి అడుగున మాత్రం చర్మ కాన్సర్ ఉంటుంది. ఇందులో ఏం తెలుస్తుంది? మొదలు పరీక్షించాలి. అదేదీ?"

"మొదలెవరు దాచుకుంటారమ్మా?"

"మొదటిసారే వచ్చుంటే చిన్న కోతతో పోయేది. ఇంతకీ ఎవరు కోశారు?"

బామ్మర్ది బావ వైపు చూశాడు. మేస్త్రీ నేల వైపు చూశాడు.

"నేనే కోసుకున్నానండి" అన్నాడు బామ్మర్ది.

"చెప్తే వింటాడా వీడు?" అన్నాడు మేస్త్రీ. "నెత్తీ నోరూ మొత్తుకున్నాను."

ఆ మాట అక్క మనసులో నాటుకుపోయింది. పరీక్షలో కాన్సరేనని తేలి చెవి తీసేశాక, తమ్ముడి తలకు కట్టిన కట్టు చూసి ఏడవలేదు. "ఆయన చెప్తూనే ఉన్నారు కదరా! నీ చావు నువ్వే కొనితెచ్చుకున్నావు. ఇక నీ మొహం చూడను" అని లేచి వచ్చేసింది.

రెండు నెలలకు మెడలో గడ్డ తేలింది. మళ్ళీ ఆస్పత్రిలో చేర్చారు. మేస్త్రీ ఒక్కడే చూడటానికి వెళ్ళాడు.

"అక్కను ఒక్కసారి రమ్మను బావా."

"మీ అక్క సంగతి తెలుసు కదరా. మొండిఘటం."

"ఎందుకు రావట్లేదో నీకూ తెలుసు. నేను చెప్తే నమ్మదు. నువ్వే చెప్పాలి."

"ముందు ఆపరేషను కానీరా. తర్వాత చూద్దాం."

ఆపరేషను అయింది. గడ్డ మొత్తం రాలేదన్నారు. ఆ సాయంత్రం అక్క, భర్తకు భోజనం వడ్డిస్తూ, "మీ మాట విని ఉంటే వాడికి ఈ గతి పట్టేదా?" అంది. మేస్త్రీ తలూపి, ఇంకాస్త వడ్డించమని కంచం ముందుకు జరిపాడు.

తమ్ముడు ఇంకా ఆ వార్డులోనే ఉన్నాడు. అక్క చూడటానికి వెళ్ళలేదు. కోసింది తనేనని మేస్త్రీ ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.